కదలికతో నడిచే ఆటపరికరాలు – బహిరంగ ప్రకటన – పేటెంటు హక్కు: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: ఇంట్లో తయారుచేసిన పరికరాన్ని నలుగురికీ చూపి, దాని కిటుకును దాచకుండా చెప్పినవారికి ఆ ఆవిష్కరణపై ఏ హక్కు మిగులుతుంది? వారు చెప్పినదాన్ని మరొకరు తమ పేర పేటెంటు చేసుకోకుండా ఏది ఆపుతుంది? శరీర కదలికతో నడిచే ఆటపరికరాల చరిత్రను, భారతీయ పేటెంటు చట్ట చరిత్రను పక్కపక్కన ఉంచి ఈ ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. బహిరంగ ప్రకటన హక్కును వదులుకోవడం మాత్రమే కాదు, అది చట్టం గుర్తించే సాక్ష్యం కూడా అనీ, ఆ సాక్ష్యం నిలవాలంటే తేదీ, పూర్తి వివరణ రెండూ ఉండాలనీ, తెలుగులో చేసిన ప్రకటనకూ ఈ విలువ ఉందనీ ప్రతిపాదిస్తున్నాను.

కీలకపదాలు: పేటెంటు, పూర్వజ్ఞానం, బహిరంగ ప్రకటన, చలన నియంత్రణ, ఆసు యంత్రం, వృత్తిపదకోశం.

1. ఉపోద్ఘాతం

తిరువూరు వంటి పట్టణంలో చదువుకొనే ఒక విద్యార్థి పాత చేతితొడుగుకు చిన్న చలన సెన్సర్‌ను కుట్టి, దాన్ని ఆర్డినో బోర్డుకు కలిపి, మణికట్టు తిప్పితే కంప్యూటరు ఆటలోని కారు మలుపు తిరిగేలా చేశాడని అనుకుందాం. కళాశాల వైజ్ఞానిక ప్రదర్శనలో దాన్ని చూపాడు. ఎలా చేశాడో వివరిస్తూ వీడియో తీసి అందరికీ అందుబాటులో పెట్టాడు. ఏడాది తరువాత అటువంటి తొడుగుకే వేరొకరు పేటెంటు దరఖాస్తు చేశారు. అప్పుడు విద్యార్థి పరిస్థితి ఏమిటి?

ఇది ఊహించిన ఉదాహరణే. అయితే మన కళాశాలల్లో ఏటా జరిగే ప్రదర్శనలను చూసినవారికి ఇది అసహజంగా తోచదు. “ముందు చేసింది నేనే కదా, హక్కు నాదే” అని విద్యార్థి అనుకుంటాడు. “అందరికీ చూపేశాడు కనుక ఇక అది ఎవరిదైనా కావచ్చు” అని పక్కవారు అంటారు. చట్టం దృష్టిలో ఈ రెండు అభిప్రాయాలూ తప్పే. ఎందుకు తప్పో తెలియాలంటే కొంత వెనుకకు వెళ్ళాలి.

2. పంకా లాగే యంత్రం నుండి 1970 చట్టం వరకు

భారతదేశంలో ఆవిష్కరణల రక్షణకు తొలి చట్టం 1856లో వచ్చిన 6వ చట్టం. ఆ ఏడాది మార్చి 3న కలకత్తాకు చెందిన జార్జ్ ఆల్ఫ్రెడ్ డిపెన్నింగ్ అనే సివిల్ ఇంజనీరు దాని కింద మొదటి దరఖాస్తు సమర్పించాడు. ఆయన హక్కు కోరింది పంకా లాగే యంత్రానికి. దొరల గదుల్లో గంటల తరబడి తాడు లాగే కూలీ చేతి కదలికను యంత్రానికి అప్పగించాలన్న ఆలోచనతో మన పేటెంటు చరిత్ర మొదలైంది. చేతి కదలికకూ యంత్రానికీ మధ్య ఉన్న సంబంధం మన పేటెంటు వ్యవస్థకు తొలినాటి నుండీ పరిచితమన్నమాట.

బ్రిటిష్ రాణి అనుమతి లేకుండా చేశారన్న కారణంగా 1856 చట్టాన్ని మరుసటి ఏడే రద్దుచేసి, 1859లో 15వ చట్టంగా మళ్ళీ తెచ్చారు. 1911లో పేటెంట్లు, డిజైన్ల చట్టం వచ్చింది. స్వాతంత్ర్యానంతరం బక్షీ టేక్‌చంద్ కమిటీ, ఆ తరువాత జస్టిస్ ఎన్. రాజగోపాల అయ్యంగార్ ఈ వ్యవస్థను సమీక్షించారు. 1959లో అయ్యంగార్ సమర్పించిన నివేదిక పునాదిగా 1970 పేటెంట్ల చట్టం రూపొంది, 1972 ఏప్రిల్ 20న అమలులోకి వచ్చింది.

ఈ చట్టాల వరుసలో మన చర్చకు కీలకమైనది “నూతనత్వం” అన్న భావన. 1859 చట్టం ఆవిష్కరణ కొత్తదా కాదా అన్నది భారతదేశం, బ్రిటన్ పరిధిలోనే చూసింది. నేటి చట్టం ప్రచురణ విషయంలో ప్రపంచమంతటినీ లెక్కలోకి తీసుకుంటుంది. దరఖాస్తు తేదీకి ముందే ఎక్కడైనా, ఏ భాషలోనైనా ప్రచురితమైన విషయానికి పేటెంటు ఇవ్వరాదు. అలా ముందే లోకానికి వెల్లడైనదాన్ని ఈ వ్యాసంలో “పూర్వజ్ఞానం” అని వ్యవహరిస్తున్నాను. ప్రజలకు ఇప్పటికే తెలిసినదానిపై ఒకరికి ఇరవై ఏళ్ళ గుత్తాధికారం ఇవ్వకూడదన్నది దీని వెనుక ఉన్న న్యాయం.

3. చేతితొడుగు కథ: రెండు దారులు

కదలికతో నడిచే ఆటపరికరాల చరిత్రలో పూర్వజ్ఞానానికీ పేటెంటుకూ ఉన్న సంబంధం చేతితొడుగు విషయంలో స్పష్టంగా కనిపిస్తుంది. 1977లో షికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో డేనియల్ శాండిన్, థామస్ డిఫాంటి కలిసి ఒక తొడుగు తయారుచేశారు. ఆలోచన రిచ్ సేయర్‌ది కనుక దానికి సేయర్ తొడుగు అన్న పేరు వచ్చింది. వేళ్ళ వెంబడి వంగే గొట్టాలు ఉంటాయి. గొట్టానికి ఒక చివర దీపం, రెండో చివర కాంతిని గుర్తించే సాధనం అమర్చుతారు. వేలు వంగితే గొట్టం వంగి, అందే వెలుగు తగ్గుతుంది. ఆ తగ్గుదలను బట్టి వేలు ఎంత వంగిందో యంత్రం గ్రహిస్తుంది. చవకైన వస్తువులతో చేసిన సాధనమిది.

శాండిన్ అంతకుముందే తన చిత్రసంస్కరణ యంత్రం నిర్మాణ పటాలను, కావలసినవారు నకలు చేసుకొని సొంతంగా కట్టుకొమ్మని పంచిపెట్టినవాడు. ఈ పంపకాన్ని ఆయన సరదాగా ఒక మతమని పిలిచేవాడు. మొదటి దారి ఇది.

రెండో దారి థామస్ జిమ్మర్‌మన్‌ది. చేతిలో గిటారు లేకుండానే గాలిలో గిటారు వాయించాలన్న కోరిక ఆయన్ని తొడుగు వైపు నడిపింది. వేలి వంపును వెలుగుతో కొలిచే తన సాధనానికి 1982లో అమెరికాలో దరఖాస్తు చేసి 1985లో పేటెంటు పొందాడు. జేరన్ లేనియర్‌తో కలిసి వి.పి.ఎల్. సంస్థ ద్వారా డేటాగ్లోవ్‌ను తెచ్చాడు. ఆ పరంపరలోనే 1989లో నింటెండో ఆటయంత్రానికి అనుబంధంగా పవర్ గ్లోవ్ అనే ఆటతొడుగు మాట్టెల్ సంస్థ ద్వారా పిల్లల చేతికి వచ్చింది.

సేయర్ తొడుగుకూ జిమ్మర్‌మన్ సాధనానికీ మూలసూత్రంలో పోలిక ఉంది. అంతమాత్రాన రెండోది చెల్లదని తీర్పు చెప్పడం తొందరపాటు. పేటెంటు హక్కు సూత్రానికి కాక, క్లెయిములలో రాసిన నిర్దిష్ట నిర్మాణానికి వర్తిస్తుంది. ఒక వివరం మారితే క్లెయిము మారుతుంది. కాబట్టి పూర్వజ్ఞానం దేన్ని అడ్డుకోగలదన్నది, ఆ పూర్వజ్ఞానాన్ని ఎంత వివరంగా కాగితం మీద పెట్టారన్నదానిపై ఆధారపడుతుంది. “అటువంటిది మేమూ చేశాం” అన్న మాట సరిపోదు. “ఈ భాగం, ఈ విధంగా, ఈ తేదీకి” అని చెప్పగలగాలి.

4. వీ రిమోట్, కినెక్ట్: పంచినవారు, వ్యాజ్యమాడినవారు

2006లో నింటెండో వీ ఆటయంత్రం వచ్చింది. చేతికర్రను ఊపితే తెర మీద బ్యాటు ఊగేది. మరుసటి ఏడాది కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి జానీ చుంగ్ లీ ఆ చేతికర్రలోని పరారుణ కెమెరాను తిరగేసి వాడుకొని, సాధారణ గోడను రాతపలకగా మార్చే పద్ధతిని, ఆటగాడి తల కదిలేకొద్దీ తెర మీది దృశ్యం లోతుతో మారే పద్ధతిని చూపాడు. ప్రోగ్రాములను ఉచితంగా ఇచ్చాడు. వీడియోలు చూసి ఎందరో ఇళ్ళలో చేసుకున్నారు.

2010 నవంబరు 4న మైక్రోసాఫ్ట్ కినెక్ట్‌ను విడుదల చేసింది. ఇందులో చేతికర్ర కూడా అక్కరలేదు, శరీరమే పరికరం. ఎవరైనా దానికి బహిరంగ డ్రైవరు ప్రోగ్రాము రాస్తే బహుమతి ఇస్తామని అడాఫ్రూట్ అనే సంస్థ ప్రకటించింది. తయారీదారు మొదట ఆక్షేపించగా బహుమతి మొత్తాన్ని 1,000 డాలర్ల నుండి 3,000 డాలర్లకు పెంచారు. వారం తిరగకుండానే, నవంబరు 10న, స్పెయిన్‌కు చెందిన హెక్టర్ మార్టిన్ ఆ పని పూర్తిచేశాడు. అప్పటికి మైక్రోసాఫ్ట్‌లో కినెక్ట్ బృందంలో పనిచేస్తున్న జానీ లీయే ఆ పోటీకి తెరవెనుక ప్రేరకుడని తరువాత ఆయనే చెప్పాడు. సంస్థ కూడా త్వరలోనే స్వరం మార్చుకొని, 2011లో తానే అధికారిక సాధనసామగ్రిని విడుదల చేసింది.

ఇదే రంగంలో మరో పక్క వ్యాజ్యాలు నడిచాయి. వృద్ధులు కిందపడిపోతే గుర్తించడం వంటి అవసరాలకు రూపొందిన శరీరచలన పేటెంటు ఒకటి ఐలైఫ్ టెక్నాలజీస్ అనే సంస్థ చేతిలో ఉండేది. వీ పరికరం దాన్ని ఉల్లంఘించిందని ఆ సంస్థ 2013లో దావా వేసింది. 2017లో డల్లాస్ జ్యూరీ 1.01 కోట్ల డాలర్ల పరిహారం ఇవ్వాలన్నది. 2020 జనవరిలో అదే న్యాయస్థానం, చలన సమాచారాన్ని సేకరించి, విశ్లేషించి, పంపడమన్నది అమూర్త భావన మాత్రమేనని పేటెంటు క్లెయిమును కొట్టివేసింది. 2021లో అప్పీలు కోర్టు దాన్ని సమర్థించింది.

కదలికను గుర్తించడమన్న సామాన్య భావన ఎవరి సొత్తూ కాదని ఈ తీర్పుల సారం. అయితే అంత మాట అనిపించుకోవడానికి ఒక పెద్ద సంస్థకు ఏడేళ్ళకు పైగా న్యాయపోరాటం పట్టింది. ఇంట్లో తొడుగు కుట్టిన విద్యార్థికి ఆ స్తోమత ఉండదు. వ్యాజ్యం దాకా వెళ్ళకుండా ముందుగానే అడ్డుకొనే మార్గం అతనికి కావాలి.

5. భారతీయ చట్టంలో బహిరంగ ప్రకటన

ఇక మొదటి ఉదాహరణకు వద్దాం. విద్యార్థి తన పరికరం పనిచేసే తీరును దరఖాస్తుకు ముందే ప్రపంచానికి చూపాడు. అమెరికా చట్టంలో ఆవిష్కర్త స్వయంగా చేసిన ప్రకటనకు ఒక ఏడాది వెసులుబాటు ఉంది. మన చట్టంలో అటువంటి సాధారణ వెసులుబాటు లేదు. 31వ సెక్షను కొన్ని సందర్భాలకే 12 నెలల గడువు ఇస్తుంది. కేంద్ర ప్రభుత్వం గెజెట్‌లో ప్రకటించిన ప్రదర్శనలో చూపడం, విద్వత్సభలో పత్రంగా చదవడం లేదా ఆ సభ ప్రచురణలో వెలువడడం వాటిలో ముఖ్యమైనవి. ఏ నోటిఫికేషనూ లేని కళాశాల ప్రదర్శన గానీ, వ్యక్తిగత వీడియో గానీ ఈ రక్షణలోకి రావు. కనుక విద్యార్థి తన ప్రకటనతో తన పేటెంటు అవకాశాన్ని తానే పోగొట్టుకున్నాడు.

ఇక రెండో ముఖం. ఆ వీడియోయే తరువాతి దరఖాస్తుదారుకూ అడ్డంకి. 25(1) సెక్షను ప్రకారం దరఖాస్తు ప్రచురితమైనప్పటి నుండి పేటెంటు మంజూరయ్యేలోగా “ఎవరైనా” లిఖితపూర్వకంగా అభ్యంతరం తెలపవచ్చు. ఆ రంగంలో వ్యాపారమో, సొంత లాభమో ఉండనక్కరలేదు. విద్యార్థే కావచ్చు, అతని అధ్యాపకుడే కావచ్చు. మంజూరైన తరువాత మాత్రం అభ్యంతరం చెప్పడానికి ఏడాది గడువే ఉంటుంది, ఆ అవకాశం కూడా అందులో ప్రయోజనం ఉన్నవారికే.

ఆటపరికరాల విషయంలో మరో రెండు అంశాలు గమనించాలి. 3(కె) సెక్షను కేవల కంప్యూటరు ప్రోగ్రాముకు, అల్గారిథానికి పేటెంటు నిరాకరిస్తుంది. కాబట్టి తొడుగులోని భాగాల అమరిక ఒక సంగతి, అందులో నడిచే ప్రోగ్రాము మరొక సంగతి. ప్రోగ్రాము పాఠానికి కాపీరైటు రక్షణ ఉంటుంది. రెండోది, 47(3) సెక్షను పేటెంటు ఉన్న పరికరాన్ని సైతం కేవలం ప్రయోగం, పరిశోధన, విద్యార్థుల బోధన కోసం తయారుచేసుకోవడానికి, వాడుకోవడానికి అనుమతిస్తుంది. తరగతిగదిలో పరికరాన్ని విప్పి చూపే అధ్యాపకుడు భయపడనక్కరలేదు. అమ్మకానికి మాత్రం ఈ మినహాయింపు వర్తించదు.

పేటెంటు కావాలనుకొనేవారికి దారి మూసుకుపోలేదు. ప్రదర్శనకు ముందే తాత్కాలిక వివరణపత్రంతో దరఖాస్తు చేసుకొని, 12 నెలల్లోగా సంపూర్ణ వివరణపత్రం సమర్పించవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దరఖాస్తులు చెన్నై పేటెంటు కార్యాలయ పరిధిలోకి వస్తాయి. వ్యక్తులకు ఆన్‌లైన్ దాఖలు రుసుము 1,600 రూపాయలు. పరీక్ష రుసుము, నిపుణుని ఖర్చు వేరు. ముందు దాఖలు, తరువాత ప్రదర్శన అన్న వరుస తెలియకపోవడమే తరచూ నష్టం తెస్తుంది.

6. తెలుగునేల మీది ఉదాహరణ: లక్ష్మీ ఆసు యంత్రం

ఆటపరికరాలలో కదలిక వినోదం. చేనేతలో అది జీవనం. పోచంపల్లి ఇక్కత్ చీరకు రంగులద్దే ముందు నూలును అర్ధవృత్తాకార చట్రం మీది మేకుల చుట్టూ పోయాలి. దీన్నే ఆసు పోయడం అంటారు. ఒక చీరకు చేయి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. ఈ పని ప్రధానంగా స్త్రీలది. భుజం నొప్పితో బాధపడే తన తల్లి లక్ష్మిని చూసి, ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం 1992లో యంత్రం కోసం ప్రయత్నం మొదలుపెట్టి 1999లో సాధించారు. ఆయన చదువు మధ్యలోనే బడి మానినవారు. తల్లి పేరే యంత్రానికి పెట్టారు. పేటెంటు పొందారు. 2017లో పద్మశ్రీ పురస్కారం అందుకున్నారు. ఆయన జీవితం 2019లో చలనచిత్రంగా వచ్చింది.

డిపెన్నింగ్ పంకా యంత్రం కూలీ కదలికను యజమాని సౌకర్యం కోసం యంత్రానికి అప్పగించింది. ఆసు యంత్రం శ్రమించే మనిషి బాధ తీర్చడానికి, ఆ శ్రమను రోజూ చూసిన కొడుకు చేతిలో పుట్టింది. చట్టం రెంటినీ ఒకే కొలతతో చూస్తుంది. అయితే మల్లేశం వంటివారు ఆ కొలత దాకా చేరడానికి తోడ్పాటు కావాలి. ఆచార్య అనిల్ గుప్తా ప్రారంభించిన హనీబీ నెట్‌వర్క్, 2000లో ఏర్పడిన జాతీయ నవకల్పన సంస్థ, మన ప్రాంతంలో బ్రిగేడియర్ పోగుల గణేశం నాయకత్వంలోని పల్లెసృజన ఈ బాధ్యత తీసుకున్నాయి. గ్రామీణ ఆవిష్కర్తల పేరూ ఊరూ చెప్పి వారి పనిని వారి భాషలోనే ప్రచురించడం హనీబీ నియమాలలో ఒకటి. తీసుకున్న జ్ఞానానికి గుర్తింపు తిరిగి ఇవ్వాలన్నది దాని నీతి. ఇక్కడే ఒక చిక్కు ఉంది. పేటెంటు దరఖాస్తుకు ముందే వెలువడిన ప్రచురణ ఆవిష్కర్త హక్కును దెబ్బతీస్తుంది. దరఖాస్తు తరువాత వెలువడిన ప్రచురణ అతని కీర్తిని నిలుపుతుంది. పేటెంటు వద్దనుకొన్నవారికైతే ప్రచురణే రక్షణ. మూడు సందర్భాలలోనూ ప్రచురణ తేదీయే కీలకం.

7. తెలుగు ప్రచురణ సాక్ష్యంగా నిలిచేదెలా?

1995లో గాయాలు మాన్పడానికి పసుపు వాడకంపై అమెరికాలో పేటెంటు మంజూరైంది. మన ఇళ్ళలో గాయానికి పసుపు అద్దడం ఎవరికి తెలియదు? అయినా “అందరికీ తెలుసు” అన్న వాదన అక్కడ చెల్లలేదు. ఆర్.ఎ. మషేల్కర్ నాయకత్వంలోని శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి సంస్కృతం, హిందీ, ఉర్దూ గ్రంథాలతో సహా 32 లిఖిత ఆధారాలను సమర్పించాకనే 1997లో ఆ పేటెంటు రద్దయింది. దేశభాషల గ్రంథాలకు పేటెంటు కార్యాలయంలో సాక్ష్యంగా విలువ ఉందని ఈ ఉదంతం నిరూపించింది.

ఆ అనుభవం నుండి వచ్చిన సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం సంస్కృతం, హిందీ, అరబీ, పారశీకం, ఉర్దూ, తమిళం మూలభాషలుగా పేర్కొంటుంది. ఆ జాబితాలో తెలుగు కనిపించదు. ఇది తెలుగు పరిశోధకులను ఆలోచింపజేయవలసిన విషయం.

మన దగ్గర సామగ్రి లేక కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వెలువరించిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం 1962లో, చేనేత సంపుటం 1971లో వచ్చాయి. వాటిని మనం ఇన్నాళ్ళూ భాషాశాస్త్ర గ్రంథాలుగానే చదివాం. పనిముట్ల భాగాలను, పనుల క్రమాన్ని వృత్తికారుల నోటి నుండి సేకరించి ప్రచురణ సంవత్సరంతో సహా నమోదు చేసిన ఆ సంపుటాలు పేటెంటు దృష్టితో చూస్తే తేదీ ఉన్న సాంకేతిక సాక్ష్యాలు. మగ్గం భాగాలపై రేపు ఎవరైనా హక్కు కోరితే చూపగలిగిన పుటలవి.

ఇదే కొలతతో నేటి విద్యార్థి వీడియోను చూస్తే లోపం తెలుస్తుంది. ఆట నడుస్తున్నట్టు మాత్రమే చూపి, సెన్సర్‌ను ఎక్కడ అమర్చాడో, సంకేతం ఏ దారిన వెళ్ళిందో చెప్పకపోతే, ఆ రంగంలో నైపుణ్యమున్నవారు దాన్ని చూసి తిరిగి తయారుచేయలేరు. అటువంటి ప్రకటన పూర్వజ్ఞానంగా బలహీనం. వీడియో తొలగిపోతే అదీ మిగలదు. కనుక పంచుకోదలచినవారు భాగాల పటం, అనుసంధానం, పనిచేసే క్రమం, ప్రయత్నించిన ప్రత్యామ్నాయాలు తెలుగులో రాసి, తేదీతో నిలిచే చోట ప్రచురించాలి. కళాశాల ప్రాజెక్టు నివేదికలు అలమరల్లో ఉండిపోకుండా గ్రంథాలయ జాబితాలోకి ఎక్కి, ఎవరైనా చూడగలిగేలా ఉండాలి. వివరణ వాక్యాలకు తగిన తెలుగును తీర్చడంలో సాంకేతిక విభాగాలతో పాటు తెలుగు శాఖలకూ పాత్ర ఉంది. కావ్యవ్యాఖ్యానంలో ప్రతిపదార్థం రాసిన సంప్రదాయం మనది. ఒక పరికరానికి ప్రతిభాగార్థం రాయడం మనకు అసాధ్యం కాదు.

8. ముగింపు

శాండిన్ పటాలు పంచిపెట్టాడు, జిమ్మర్‌మన్ పేటెంటు తీసుకున్నాడు, జానీ లీ ప్రోగ్రాములు ఉచితంగా ఇచ్చాడు, మల్లేశం తల్లి పేర యంత్రాన్ని నిలిపారు. ఈ నలుగురి దారులు వేరైనా, ఎవరి పనీ వారి ఎరుక లేకుండా పరాధీనం కాలేదు. తన ఆవిష్కరణను పంచుకోవడమా, హక్కు తీసుకోవడమా అన్నది ఆవిష్కర్త ఇష్టం. ఆ ఇష్టాన్ని తెలిసి వినియోగించుకొనే స్థితి అతనికి కల్పించడం మాత్రం అధ్యాపకుల బాధ్యత. విద్య ఇచ్చినకొద్దీ పెరుగుతుందని మనం నమ్ముతాం. అలా ఇచ్చిన విద్యను వేరొకరు తమ ఒక్కరి సొత్తుగా చేసుకోకుండా కాపాడేది, ఇచ్చిన రోజును, ఇచ్చినదాని స్వరూపాన్ని స్పష్టంగా చెప్పే పత్రం. ఆ పత్రం తెలుగులో ఉన్నా చట్టం ముందు చెల్లుతుంది. తిరువూరు వంటి చోట ఒక విద్యార్థి తన తొడుగును ప్రదర్శనకు తెచ్చే ముందే అతని అధ్యాపకుడు ఈ సంగతి చెప్పగలిగితే, ఈ పరిశీలన ప్రయోజనం నెరవేరినట్టే.